గవ్వలతో గ్రహణం

1825 మే 31, జూన్ 1 తేదీల నడిమి రాత్రి చంద్రగ్రహణం పట్టింది. దాని వేళలను పుదుచ్చేరి పంచాంగకర్త ఒకరు నేలమీద గవ్వలు పేరుస్తూ గుణించారు. కావలసిన పట్టికలన్నీ ఆయనకు కంఠస్థం. వాటి వెనకున్న సిద్ధాంతం మాత్రం ఆయనకు తెలియదని రాశాడు జాన్ వారెన్. ఒకప్పుడు మద్రాసు అబ్జర్వేటరీ బాధ్యతలు చూసిన ఈ వారెన్ ఆ విధానాన్ని ‘కాలసంకలిత’ గ్రంథంలో భద్రపరిచాడు.

చంద్రుడి లెక్కకు మొదలు ఒక పెద్ద సంఖ్య: 1600984.

కలియుగారంభం నుంచి గడిచిన రోజుల్లోంచి ముందు దీన్ని తీసేయాలి. అంటే క్రీ.శ. 1282 నాటి ఒక రోజు దగ్గర లెక్క కొత్తగా మొదలవుతుంది. ఆనాటి సూర్యోదయానికి చంద్రుడు మందోచ్చలో, అంటే భూమికి బాగా దూరమైన చోట ఉన్నట్టు గణితం. మిగిలిన రోజులను వరసగా 12372తో, 3031తో, 248తో భాగించి శేషం పట్టుకుంటారు.

ఈ మూడూ ఊరికే వచ్చినవి కావు. చంద్రుడు మందోచ్చ నుంచి బయల్దేరి మళ్లీ అక్కడికి చేరడానికి సుమారు 27.55455 రోజులు పడుతుంది. అలాంటి 9 చుట్లకు 248 రోజులు, 110 చుట్లకు 3031, 449 చుట్లకు 12372. నాలుగు 3031లకు ఒక 248 కలిపితే సరిగ్గా 12372. నాలుగు 110లకు 9 కలిపితే 449. భిన్నాల జోలికి పోకుండా పూర్ణసంఖ్యలతోనే చంద్రుణ్ణి వెంబడించిన ఈ తెలివి అబ్బురమనిపిస్తుంది. 3031 రోజులకు వచ్చే తేడా ఒకటి రెండు నిమిషాలకు మించదు.

ఆ మే 31 ఉదయానికి కలిదినాలు 1799312. పెద్ద సంఖ్యను తీసేస్తే 198328. అందులో 12372 పదహారుసార్లు పోగా 376 మిగులుతుంది. అది 3031కి చాలదు. 248 ఒకసారి పోతే శేషం 128. ఇక నూట ఇరవై ఎనిమిదో వాక్యం గుర్తు చేసుకోవడమే. 248 రోజులకు చంద్రుడి గమనం చెప్పే 248 చంద్రవాక్యాలు. అక్షరాల్లో అంకెలు దాచే కటపయాది పద్ధతిలో కూర్చినవి. ధీరశంకరాభరణంలోని ‘ధీర’ను బట్టి అది 29వ మేళకర్త అని చెప్పే సంగీత విద్యార్థులకు ఈ కిటుకు తెలిసిందే.

వారెన్ కంటే ముందే ఇదే పుదుచ్చేరిలో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు లజాంతీ ఈ విద్యకు ముగ్ధుడయ్యాడు. 1769 జూన్ 4న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగడం చూడాలని వచ్చాడాయన. మబ్బులు కమ్మి ఆ దృశ్యం దక్కలేదు. తమిళుల గణితం మాత్రం దక్కింది. 1765 ఆగస్టు 30 చంద్రగ్రహణం ఎంతసేపన్న లెక్కలో తమిళ పద్ధతికి వచ్చిన తప్పు 41 సెకన్లు, యూరప్‌లో పేరుమోసిన మాయర్ పట్టికలకు 68 సెకన్లు అని ఆయన నమోదు చేశాడు.

1825లో గురి అంతగా కుదరలేదు. గ్రహణారంభంలో 4 నిమిషాలు, మధ్యకాలంలో 23, ముగింపులో 52 నిమిషాలు తేడా వచ్చింది. అయినా 1952లో గణితచరిత్రకారుడు ఆటో నాయిగెబావర్ ఆ గవ్వల లెక్కను మళ్లీ బయటికి తీశాడు. 248 రోజుల చక్రం బాబిలోనియా మట్టిపలకల్లోనూ ఉంది, 3031 గ్రీకు పపైరస్ పత్రాల్లోనూ ఉంది. పుదుచ్చేరి నేలమీద పరిచిన గవ్వల్లో ఆయనకు కనిపించింది ఆ చుట్టరికమే.