బరువు మోసే శిఖరం, అలంకారపు గుమ్మటం

ఎత్తయిన కట్టడాల్లో కొత్త ఊహలనగానే చాలామంది దుబాయ్ పేరెత్తుతారు. పాలమూరు వాళ్లకు అంత దూరం అక్కర్లేదు. తుంగభద్ర ఒడ్డున, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అలంపురంలో ఏడో శతాబ్దంలోనే అలాంటి సాహసం జరిగింది.

బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలవి. పేరుకే బ్రహ్మలు, లోపలున్నది శివుడు. దక్షిణాదికి అలవాటైన విమానం మెట్లుమెట్లుగా లేస్తుంది. అలంపురం శిల్పులు ఎక్కువగా ఉత్తరాది రేఖానాగర శిఖరాన్ని పట్టుకున్నారు. అది నిటారుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతుంది. తలమీద గాట్లు తేలిన ఉసిరికాయ ఆకారంలో ఆమలకం. వినయాదిత్యుడి కాలం (681–696) నాటి స్వర్గబ్రహ్మ ఆలయ శిఖరాన్ని దగ్గర్నుంచి చూస్తే, మూలల్లో కొంత ఎత్తుకొకటి చొప్పున చిన్న ఆమలకాలు కనిపిస్తాయి. ఒక్కోటీ ఒక్కో అంతస్తుకు గుర్తు. నిజానికి లోపల అంతస్తులేమీ లేవు, అన్నీ ఊహే!

ఆ వంపు మాత్రం ఉత్త ఊహ కాదు. ఒక్కో రాతి వరసను కింది వరసకన్నా కొంచెం లోపలికి జరిపి పేర్చుకుంటూ పోతే వచ్చే రూపమది. ఆమలకం బరువు పై వరసలను అదిమిపడుతుంది. అందమూ అదే, ఆధారమూ అదే. తర్వాతి కాలపు పాపనాశి గుళ్లమీద పిరమిడ్ కప్పులు వచ్చాయి. శ్రీశైలం జలాశయం ముంపు వచ్చినప్పుడు ఆ గుళ్లనూ, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ రాళ్లు విప్పి కొత్తచోట మళ్లీ పేర్చారు. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల గుళ్లు కూడా ఆ ముంపుకే చోటు మారాయి. కాంక్రీటు టవరునైతే అలా విప్పగలమా?

గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడికి వచ్చేసరికి గోపురానిది వేరే లెక్క. ఎత్తంతా గర్భగుడి మీద కాదు, వాకిలి మీద. గోపురాలకు సాధారణంగా అడుగుభాగం రాయి, పైనంతా తేలికైన ఇటుక, సున్నం.

ఇక వనపర్తి సంస్థానం రాజప్రాసాదం. ఇప్పుడందులో పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన తెలంగాణ సచివాలయం గుమ్మటాలకు స్ఫూర్తినిచ్చిన కట్టడాల్లో ఈ ప్రాసాదం ఒకటని, నిజామాబాద్ నీలకంఠేశ్వరాలయం మరొకటని అప్పట్లో చెప్పారు. చెన్నైకి చెందిన ఆస్కార్, పొన్ని కాన్సెసావ్ గీసిన ఆ భవనం ఎత్తు 265 అడుగులు. హుస్సేన్‌సాగర్ అవతలినుంచి చూస్తే నిండుగా ఉంటుంది, కాదనలేం. కానీ అక్కడ బరువు మోసేది ఆర్‌సీసీ చట్రం. గుమ్మటం కేవలం నగ. అలంపురంలో ఒకటిగా ఉన్న రూపమూ బలమూ ఇక్కడ విడిపోయాయి.

విచిత్రంగా, ఆ రెండింటినీ మళ్లీ కలిపే ప్రయత్నం అమరావతి నమూనాల్లో ఉంది. లండన్‌కు చెందిన ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్ గీసిన ఐదు సచివాలయ టవర్లది డయాగ్రిడ్ పద్ధతి. ఏటవాలు ఉక్కు కడ్డీలు ఒకదాన్నొకటి ఖండిస్తూ బయటి చట్రమై బరువు మోస్తాయి, లోపల స్తంభాలు తగ్గుతాయి. బయటికి కనిపించే ఆ వజ్రాల అల్లికే టవరుకు ఎముకల గూడు. అసెంబ్లీ నమూనా కోసం సినీ దర్శకుడు రాజమౌళి సలహా కూడా అడిగారు. సెట్టింగులు వేయించే మనిషిని రాజధానికి పిలవడమేమిటని కొందరు నవ్వారు గానీ, రాజులు శిల్పులను పిలిచింది కూడా చూపరులను నివ్వెరపరచడానికే కదా.

2018 డిసెంబరులో టవర్ల పునాది పని మొదలైంది. 2019లో ఆగిపోయింది. గుంతల్లో ఏళ్లతరబడి నీళ్లు నిలిచాయి. 2024లో ఐఐటీ నిపుణులు వచ్చి, ఆ పునాదులు ఇంకా బరువు మోస్తాయా అని పరిశీలించాకే మళ్లీ పనుల మాట కదిలింది.