అమీర్ హమ్జా దాస్తాన్: సూపర్‌హీరోల కంటే ముందే పుట్టిన సాహస కథలు

'దాస్తానె అమీర్ హమ్జా' ఫార్సీలో మొదలై ఉర్దూలో ఊడలు దిగిన అద్భుత కథల సంపుటి. దేవ్‌లు, పరీలు, జాదూగర్లు, మూడు కళ్ల గుర్రం అష్కర్... ఈ కాలం పిల్లలు కామిక్స్‌లో వెతుక్కునేవన్నీ ఇందులో ఉన్నాయి.

ముందుగా ఒక మాట. హజ్రత్ హమ్జా (రజి) ప్రవక్త ముహమ్మద్ (స) వారి బాబాయి. హిజ్రీ 3లో, అంటే క్రీ.శ. 625లో, ఉహుద్ యుద్ధంలో షహీద్ అయ్యారు. అది చరిత్ర. కాఫ్ పర్వతాల్లో దేవ్‌లతో తలపడిన హమ్జా మాత్రం కథకుల కల్పన. పేరు ఒకటే కావడంతో పిల్లలు రెండూ కలిపేసుకునే ప్రమాదం ఉంది. సీరత్ వేరు, దాస్తాన్ వేరు అని పెద్దవాళ్లు మొదటే చెప్పేయాలి.

కథలో హమ్జా ఇరాన్ షా నౌషేర్వాన్ కూతురు మెహర్ నిగార్‌ను ప్రేమిస్తాడు. పెళ్లి కాకముందే పరీల రాజుకు సాయంగా కాఫ్‌కు వెళ్తాడు. పద్దెనిమిది రోజుల్లో వచ్చేస్తానన్నవాడు పద్దెనిమిదేళ్లకు గానీ రాడు! అయితే కథను లాక్కుపోయేది అతని దోస్తు అమర్ అయ్యార్. వేషాలు మార్చడంలో దిట్ట, పైసా దగ్గర మహా పిసినారి. అతని 'జంబీల్' సంచిలో ఎంత వేసినా నిండదు. 'గిలీం' కప్పుకుంటే ఎవరికీ కనబడడు. హమ్జా కత్తికి తెగని చిక్కుముడిని యుక్తితో విప్పేది ఇతనే.

అక్బర్ బాద్‌షాకు ఈ కథలంటే ప్రాణం. 1562 ప్రాంతంలో మొదలుపెట్టి సుమారు పదిహేనేళ్ల పాటు మీర్ సయ్యద్ అలీ, ఆ తర్వాత అబ్దుస్సమద్ ఆధ్వర్యంలో దాదాపు 1400 బొమ్మలు వేయించాడు. నూలు గుడ్డ మీద ఒకవైపు బొమ్మ, ఇంకోవైపు కథ. వాటిలో ఇప్పుడు 200 కూడా మిగల్లేదు. వియన్నా మ్యూజియంలో 60 ఉన్నాయి. 1881లో శ్రీనగర్‌లో కొన్ని కిటికీలకు అడ్డంగా కట్టి ఉండగా దొరికాయి. అవి లండన్ చేరాయి.

హైదరాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. 17వ శతాబ్దం మొదట్లో కుతుబ్‌షాహీల నగరానికి వచ్చిన హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ అనే కథకుడు ఈ దాస్తాన్‌నే 'జుబ్దతుర్ రుమూజ్' పేరుతో ఫార్సీలో రాశాడు.

ఉర్దూలో దీన్ని కొండంత చేసింది లక్నోలోని మున్షీ నవల్ కిశోర్ ప్రెస్. మొత్తం 46 సంపుటాలు! అందులో పేరుమోసింది 'తిలిస్మె హోష్‌రుబా'. ముహమ్మద్ హుసేన్ జాహ్ మొదలుపెడితే అహ్మద్ హుసేన్ కమర్ పూర్తి చేశాడు. తిలిస్మ్ అంటే మంత్రంతో కట్టిన లోకం. దాన్ని పగలగొట్టే మనిషి ఎవరో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఢిల్లీ దాస్తాన్‌గో మీర్ బాకర్ అలీ 1928లో చనిపోయాక ఈ కథలు చెప్పే కళ ఆగిపోయింది. శమ్సుర్రహ్మాన్ ఫారూఖీ పరిశోధన ఆసరాతో 2005లో మళ్లీ వేదికెక్కింది.

బర్కత్‌పుర, చిక్కడపల్లి వైపు చాలా ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు గానీ తెలుగు, ఇంగ్లిష్ మీడియం పిల్లలకు లిపి రాదు. అలాంటి ఇంట్లో ఉర్దూ చదివే దాదాయో నానీయో ఉంటే రోజుకు రెండు పేజీలు చదివి తెలుగులో చెప్పొచ్చు. 46 సంపుటాల జోలికి పోనక్కర్లేదు, 1871 నాటి అబ్దుల్లా బిల్‌గ్రామీ పుస్తకం ఒక్కటి చాలు. ముషర్రఫ్ అలీ ఫారూకీ దాన్ని 2007లో ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. పాత ఉర్దూ సంపుటాలు రేఖ్తా సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. తాగుళ్లు, శృంగారం, తలలు నరకడాలు ఇందులో బాగానే ఉంటాయి. చిన్నపిల్లలకైతే ఏరి చెప్పాలి. అమర్ అయ్యార్ తుంటరి పనులతో మొదలుపెడితే సరి.