శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్)

దేశీయ పరిశ్రమలకు అవసరమైన పరిశోధనల కోసం 1942లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ. ప్రధాన కార్యాలయం న్యూఢిల్లీ. ప్రధానమంత్రి దీనికి అధ్యక్షుడు.

రెండో ప్రపంచయుద్ధం రావడంతో ఐరోపా నుంచి దిగుమతులకు అడ్డంకులు ఏర్పడ్డాయి. ఇక్కడే తయారు చేసుకోక తప్పని స్థితిలో, వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడు ఆర్కాటు రామస్వామి మొదలియార్ పట్టుదల వల్ల 1940 ఏప్రిల్‌లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన బోర్డు వెలిసింది. దాని సంచాలకుడిగా వచ్చిన రసాయన శాస్త్రవేత్త శాంతిస్వరూప్ భట్నాగర్‌కు పరిశ్రమతో పని చేయడం కొత్త కాదు. లాహోరులో ఉండగా చమురు బావుల తవ్వకంలో బురద గట్టిపడే చిక్కును విడదీసినందుకు లండన్‌కు చెందిన స్టీల్ బ్రదర్స్ కంపెనీ ఇవ్వజూపిన లక్షన్నర రూపాయలను ఆయన తాను పుచ్చుకోకుండా విశ్వవిద్యాలయంలో పరిశోధనలకే ఇప్పించారు. 1941 నవంబరులో కేంద్ర శాసనసభ పారిశ్రామిక పరిశోధనకు ఏటా 10 లక్షల రూపాయల చొప్పున అయిదేళ్ల నిధిని ఆమోదించింది. ఆ కొద్దిపాటి సొమ్ముతోనే 1942 సెప్టెంబరు 26న మండలి పని మొదలుపెట్టింది.

స్వాతంత్ర్యానంతరం నెహ్రూ అండ దొరికింది. పుణేలో జాతీయ రసాయన ప్రయోగశాలను 1950 జనవరి 3న ఆయనే ప్రారంభించారు. 1955లో భట్నాగర్ మరణించేనాటికి పన్నెండు జాతీయ ప్రయోగశాలలు నెలకొన్నాయి. నిజాం ప్రభుత్వం 1944లో హైదరాబాదులో స్థాపించిన ప్రయోగశాల 1956లో మండలిలో చేరింది. నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అదే. 1958 మార్చి 4 నాటి విజ్ఞాన విధాన తీర్మానం ఈ కృషికి బలం చేకూర్చింది.

తెనాలి ప్రాంతపు ఎలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ మద్రాసు తోళ్ల పరిశోధన సంస్థను తోళ్లు ఊనేవారి ముంగిట్లోకి తీసుకువెళ్లిన మేటి. 1971 నుంచి 1977 వరకు మండలికి సారథ్యం వహించారు. 1970 పేటెంట్ల చట్టం మందులకు తయారీ పద్ధతి మీద తప్ప వస్తువు మీద హక్కు ఇవ్వలేదు. దాంతో కొత్త పద్ధతులు కనుగొనే పనికి గిరాకీ పెరిగింది. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని హైదరాబాదు సంస్థే రూపొందించి సిప్లాకు అందించింది.

సరళీకరణ తరువాత పేటెంట్లపై శ్రద్ధ హెచ్చింది. పసుపుపై అమెరికా ఇచ్చిన పేటెంటును మండలి 1997లో రద్దు చేయించింది.

2020–21లో పరిశోధనపై దేశం మొత్తం వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే. ఇంత పెద్ద దేశానికి ఇది చాలదు. 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఏర్పడింది. ప్రైవేటు పరిశోధనకు ఊతంగా లక్ష కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 జులైలో ఆమోదించింది.