కుంకుడు నురగ నుంచి కువైట్ కార్టన్ దాకా – మన ఆడబిడ్డల జడ చరిత్ర

ఈరోజు శుక్రవారం, డ్యూటీ లేదు. షుఐబా క్యాంపులో మా రూము ఆరుగురం. రాజంపేట వాళ్ళం ముగ్గురం, రాయచోటి భాయ్ ఒకరు, కోడూరు అబ్బాయి ఒకడు, భీమవరం పక్క నుంచి ఒకాయన. మామూలుగా మేము కాంక్రీటు గురించో, ఎండ గురించో రాస్తాం. ఈసారి జడ గురించి రాస్తున్నాం. ఆరుగురు మగోళ్ళు, అందులో నలుగురికి నెత్తి మీద ఎంటికలే లేవు, వీళ్ళకి జడ చరిత్ర ఎందుకు అని నవ్వకండి. కారణం ఉంది. చివరిదాకా చదవండి.

మాలో ఒకరి పాప ఎనిమిదో తరగతి. పోయిన సంవత్సరం "నాన్నా, తెల్లగా అయ్యే క్రీము పంపించు" అని అడిగింది. ఈయన ఇక్కడ ఒక అంగడిలో కొని, ఊరికి పోయే వాళ్ళ కార్టన్లో పెట్టి పంపినాడు. డబ్బా మీద రాసింది మాకెవరికీ చదవను రాదు. రెండు నెలలు పూసుకుంది. మొదట్లో బాగుందన్నారు. తరవాత బుగ్గలు ఎర్రగా కంది, నీళ్ళు తగిలినా మంటే. బడి మానేసి ఇంట్లో కూర్చుంది. డాక్టరమ్మ డబ్బా చూసి, ఇట్లాంటి వాటిల్లో స్టెరాయిడో పాదరసమో కలిపే వాళ్ళుంటారు, వెంటనే ఆపేయండి అని చెప్పింది. ఆ రాత్రి ఈయన అన్నం తినలేదు. "నా చేత్తో నేనే పంపితిని" అంటాడు. అప్పటినుంచి మేము రూములో కూర్చుని దీని గురించే మాట్లాడుకున్నాం. మన జేజీలు ఏం చేసినారు, అది ఎప్పుడు పోయింది, ఎట్లా పోయింది అని.

ముందు జేజి పద్ధతి చెప్తాం. మా చిన్నప్పుడు ఆదివారం తలకు పోసుకోవడం అంటే ఒక పండగ, ఒక శిక్ష కూడా. పొద్దున్నే నూనె. మా సీమలో ఆముదం, గోదావరి పక్క కొబ్బరినూనె. కుంకుడుకాయలు రాయితో కొట్టి, గింజ తీసేసి, వేడినీళ్ళలో నానబెట్టి పిసికితే నురగ వస్తుంది. ఆ కాయలో సపోనిన్ అనే పదార్థం ఉంది, సబ్బులాగా జిడ్డును పట్టి లాగేది అదే. లేదంటే సీకాయ పొడి గంజిలో కలిపి పెట్టేవాళ్ళు. మందారాకు రసం, నానబెట్టిన మెంతులు, గుంటగలగరాకు కాచిన నూనె, ఇవన్నీ ఇంటి చుట్టూ దొరికేవే. కుంకుడు రసం కంట్లో పడి ఏడిస్తే నాలిక మీద ఉప్పుగల్లు పెట్టేవాళ్ళు. కంటి మంటకు నోట్లో ఉప్పు ఏం మందో మాకు ఇప్పటికీ తెలియదు గానీ ఏడుపు మాత్రం ఆగేది. వంటికి సున్నిపిండి నలుగు. తరవాత గంపకింద సాంబ్రాణి పొగ, ఆ గంప మీద తడి జుట్టు పరిచి ఆరబెట్టడం. ఆషాఢంలో గోరింటాకు సరేసరి.

ఇది నిన్నమొన్నటి ముచ్చట కాదు. అమరావతి శిల్పాల్లో, అంటే దాదాపు 2000 ఏళ్ళ కిందట చెక్కిన రాళ్ళలో, ఆడవాళ్ళ కొప్పులు, జడలు ఎన్ని రకాలో చూడొచ్చు. ఆ రాళ్ళు ఇప్పుడు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన లేపాక్షి గుడికి పోయినోళ్ళు నంది చూసి, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి వచ్చేస్తారు. తలెత్తి పైకప్పు చూడాలి. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో వేసిన రంగుల బొమ్మలు అవి. ఆడవాళ్ళ చీర కట్టు, జుట్టు ముడి, నగలు ఎంత వివరంగా గీసినారంటే, ఆ కాలంలో మన సీమ ఆడోళ్ళు ఎట్లా తయారయ్యేవాళ్ళో తెలుసుకోవడానికి చదువుకున్నోళ్ళు ఈరోజుకీ వాటినే చూస్తారు.

ఇంక కూచిపూడి. సిద్ధేంద్ర యోగి రచనగా చెప్పుకునే భామాకలాపంలో సత్యభామ రావడమే జడతో వస్తుంది. ముందు తెర, తెర మీద నుంచి జడ వేలాడేస్తారు. నన్ను మించి ఆడేవాళ్ళుంటే ఈ జడ కోసుకుంటా అని సవాలు అది. ఆ జడకు నాగరం, జడబిళ్ళలు, కింద కుప్పెలు. తమాషా ఏమంటే, ఆ జడ వేసుకున్నది మగవాళ్ళే. పూర్వం ఆ మేళాల్లో ఆడవాళ్ళు ఆడేవాళ్ళు కారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషంలో వస్తే ఆడవాళ్ళే ఆయన నడక చూసి నేర్చుకోవాలనుకునే వాళ్ళంట. ఆయన 2012లో పోయినారు. జడ అంటే మనవాళ్ళకు ఎంత రోషమో దీన్ని బట్టి తెలుస్తుంది. ఒక ఆడమనిషి పంతమంతా ఆ మూడు పాయల్లో పెట్టి చూపించినారు.

కానీ చరిత్ర అంటే పూలు మాత్రమే రాస్తే అబద్ధం అవుతుంది. అదే జడను కోసేసిన చరిత్ర కూడా మనదే. బాల్యవివాహాల కాలంలో, పెద్ద కులాలుగా చెప్పుకున్న ఇళ్ళల్లో, మొగుడు పోయిన ఆడపిల్లకు గుండు చేయించేవాళ్ళు. మొగుడి మొహం సరిగా చూడని పసిపిల్లలు కూడా అందులో ఉన్నారు. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరంతా ఆయన్ను వెలి వేసినంత పని చేసింది. అందుకే, తిరుపతి కొండ మీద ఇష్టంగా తలనీలాలు ఇవ్వడం వేరు, ఇష్టం లేని పిల్ల తల మీద కత్తి పెట్టడం వేరు. జుట్టు ఎవరిదో నిర్ణయం వాళ్ళది. ఈ మాట మేము బాగా గుర్తు పెట్టుకున్నాం.

ఇప్పుడు షాంపూ సంగతి. ఈ మాట ఇంగ్లీషోళ్ళది అనుకుంటాం. కాదు, మన దేశందే. హిందీలో చాంపీ, చాంపో అంటే ఒత్తడం, మర్దన చేయడం. 1759లో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండు పోయి, బ్రైటన్ అనే సముద్రపు ఊర్లో ఆవిరి స్నానాల ఇల్లు పెట్టి, రాజులకు కూడా ఈ మర్దన చేసినాడు. మర్దన మాట పోను పోను తల రుద్దే మందుకు పేరయింది. మన మాటే సముద్రం దాటి పోయి సీసాలో నిండి మళ్ళీ మన ఇంటికొచ్చింది. ఆయనా ఒక వలస కార్మికుడే అని మా భాయ్ అంటాడు. నిజమే కదా.

మన పల్లెల్లో మాత్రం సీసా కొనే స్తోమత యాడిది? దాన్ని మార్చింది సాషె. తమిళనాడు కడలూరులో చిన్నికృష్ణన్ అనే ఆయన ఇట్లా చిన్న ప్యాకెట్లలో అమ్మాలని చూసినాడు. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టినాడు. చిల్లర పైసలకు ఒక స్నానం. అంగడి ముందర దండల మాదిరి వేలాడదీసినారు. మా అక్కచెల్లెళ్ళు కుంకుళ్ళు కొట్టే రాయి పక్కన పెట్టింది అప్పుడే. వాళ్ళను తప్పు పట్టలేం. కుంకుడు తలంటుకు అరపూట పట్టేది, కట్టెలు, కడవల నీళ్ళు, ఒకరు పోయాల, ఒకరు రుద్దాల. పొద్దున్నే చేనికి పోయే ఆడమనిషికి రెండు నిమిషాల ప్యాకెట్ ఒక విడుదల. పాత పద్ధతి మంచిది అనేటప్పుడు ఆ కష్టం ఎవరు పడ్డారో కూడా చెప్పాలి. పడింది ఆడవాళ్ళే.

అదే కాలంలో ఇంకోటి జరిగింది. అది మా వల్లే. 1970లు, 80ల నుంచి కడప, గోదావరి జిల్లాల వాళ్ళు కువైటుకు రావడం పెరిగింది. సెలవుకు పోయేటప్పుడు కార్టన్లో షాంపూలు, సబ్బులు, సెంట్లు, క్రీములు. కువైట్ సబ్బు వాసన వస్తే ఆ ఇంట్లో ఎవరో వచ్చినారని వీధంతా తెలిసేది. గల్ఫ్ ఇంటి పిల్ల అంటే సీకాయ రుద్దుకోకూడదు అన్నట్టు తయారైంది. మేము పంపింది ప్రేమే. కానీ ఆ ప్రేమతో పాటే జేజి చేతిది పనికిరాదు, డబ్బాలో వచ్చిందే గొప్ప అన్న మాట కూడా పంపినాం.

తమాషా ఏమంటే, ఇక్కడి వాళ్ళ ఇళ్ళల్లో జరిగేది చూస్తే మన జేజి కనబడుతుంది. ఇళ్ళల్లో పనిచేసే మన ఊరి ఆడవాళ్ళు చెప్పిన సంగతులు ఇవి. ఇక్కడి పెద్దామెలు తలకు సిద్ర్ ఆకు పొడి రుద్దుతారు. సిద్ర్ అంటే మన రేగు జాతి చెట్టే. నీళ్ళలో కలిపితే అదీ నురగ వస్తుంది. చనిపోయిన వారికి స్నానం చేయించే నీళ్ళలో కూడా ఆ ఆకు కలుపుతారని రాయచోటి భాయ్ చెప్పినాడు. గోరింటాకును వీళ్ళు హిన్నా అంటారు, పెళ్ళికి ముందు హిన్నా రాత్రి. మనం సాంబ్రాణి పట్టినట్టే వీళ్ళు బుఖూర్ పొగ జుట్టుకు పడతారు. మన సాంబ్రాణి జాతి బంకను ఇంగ్లీషులో బెంజోయిన్ అంటారు, ఆ మాట కూడా అరబ్బీ లుబాన్ జావీ నుంచి పుట్టిందే. జావా ధూపం అని అర్థం. ఎమిరేట్స్, ఒమన్ పక్క అయ్యాలా అనే ఆటలో ఆడపిల్లలు పొడుగు జుట్టు అటూ ఇటూ విసురుతూ ఆడతారు. యునెస్కో వాళ్ళు 2014లో దాన్ని గుర్తించినారు. చమురు రాకముందు ఈ ఎడారి ఆడవాళ్ళకూ ఇంటి చుట్టూ దొరికిన ఆకే దిక్కు. ఇప్పుడు చమురు వచ్చి అన్ని డబ్బాలూ వచ్చినా, ఆకును పారేయలేదు. మనమే తొందరపడినాం.

మా షుఐబా 1960ల్లో పరిశ్రమల కోసం కట్టిన చోటు. ఇక్కడి రిఫైనరీ 1968లో మొదలై 2017లో మూతపడింది. మాలో ఒకరి నాయన ఆ గోడల పక్కనే పనిచేసినాడు. ఆయన దగ్గర ఒక ఫోటో ఉండేది. ఎండాకాలంలో మల్లెలు, కనకాంబరాలతో పూలజడ కుట్టించుకుని, స్టూడియోలో వెనక అద్దం పెట్టి, మొహమూ జడా రెండూ పడేట్టు తీయించుకునే వాళ్ళు చూడండి, ఆ ఫోటో. కూతురిది. ఉత్తరంలో పెట్టి పంపినారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు అందరి మాదిరే ఆయనా అన్నీ వదిలేసి జోర్డాన్ దాకా పోయి, అమ్మాన్ నుంచి విమానంలో ఇంటికి చేరినాడు. అప్పట్లో లక్షా డెబ్బై వేల మంది దాకా మనవాళ్ళను తీసుకుపోయినారు. ఆయన చేతిలో మిగిలింది పాస్‌పోర్టు, జేబులో ఆ ఫోటో. ఆ పిల్ల రంగు చామనఛాయ. ఫోటోలో ఎంత బాగుందో చెప్పలేం. ఆమెకు ఎవరూ తెల్లబడు అని చెప్పలేదు.

ఈ తెల్లబడే పిచ్చి ఎప్పటి నుంచి? పెళ్ళిచూపుల్లో రంగు అడగడం పాతదే. కానీ దాన్ని ట్యూబులో పెట్టి అమ్మడం మన దేశంలో 1975లో ఫెయిర్ అండ్ లవ్లీతో ఊరూరా పాకింది. 2020లో వాళ్ళే పేరులో ఫెయిర్ తీసేసి గ్లో అని పెట్టినారు. పేరు మారింది, మన మనసు మారలేదు. పేరూ ఊరూ సరిగా లేని క్రీములు ఇంకా ప్రమాదం. పాదరసం చర్మంలో రంగు తయారు కాకుండా ఆపుతుంది, అందుకే మొదట తెల్లబడినట్టు ఉంటుంది. తరవాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. 2013లో మినమాటా ఒప్పందం అని ప్రపంచ దేశాలు రాసుకున్నాయి, ఇట్లాంటి క్రీములు ఆపాలని. అయినా వస్తున్నాయి. డబ్బా మీద కాలొమెల్, మెర్క్యురస్ క్లోరైడ్ అని ఉన్నా, బంగారం వెండి నగలకు తగలనీయొద్దు అని రాసి ఉన్నా కొనొద్దు. ఏమీ చదవను రాకపోతే అసలే కొనొద్దు. ఈ ఒక్క ముక్క గల్ఫ్ అన్నదమ్ములందరికీ చెప్పండి.

అట్లని ఇంట్లో చేసిందంతా మంచిదే అని మేము చెప్పం. పేల కోసం సీతాఫలం గింజల పొడి రాస్తారు, అది కంట్లో పడితే కంటిపాపే దెబ్బతింటుంది. నిమ్మకాయ మొహానికి రుద్ది ఎండలోకి పోతే చర్మం కాలుతుంది. సున్నిపిండిలో వేసే బావంచాలు కూడా ఎండతో కలిస్తే కొందరికి బొబ్బలు తెస్తాయి. నల్ల గోరింటాకు అని కోన్లలో అమ్మేది గోరింటాకు కాదు, జుట్టు రంగు మందు కలిపింది, చేతులు కాలిన పిల్లలున్నారు. చెట్టు నుంచి వచ్చింది కూడా తెలిసి వాడాలి. జేజీలకు ఆ తెలివి ఉండేది, ఎవరికి ఏది పడదో చూసి చెప్పేవాళ్ళు. మనం ఫోన్లో రెండు నిమిషాల వీడియో చూసి రుద్దుతున్నాం.

ఇంక పాప సంగతి. డాక్టరమ్మ మందు ఇచ్చింది, నెలల మీద నయమైంది. ఇప్పుడు మొహానికి ఏమీ పూయడం లేదు. జేజి ఆదివారం మళ్ళీ కుంకుళ్ళు కొడుతోంది. పాప మొదట మొండికేసింది, కంట్లో పడుతుందని. "నాలిక మీద ఉప్పుగల్లు పెట్టుకో" అని ఈయన ఫోన్లో అరిచినాడు. రూములో మేమంతా నవ్వినాం.

పోయిన శుక్రవారం వీడియో కాల్ వచ్చింది. పాప తల ఆరబెట్టుకుని జడ వేయించుకుంది. ఈయన "మొహం చూసినాలే, జడ కూడా చూపించమ్మా" అన్నాడు. పాప అద్దం ముందర వెనక్కి తిరిగి నిలబడి, ఫోన్ ఎత్తి పట్టుకుంది. అద్దంలో మొహం, ఇటు జడ. రెండూ ఒకేసారి కనబడినాయి. వాళ్ళ అత్త పాత ఫోటోలో మాదిరే. ఈయన ఏమీ మాట్లాడలేదు. మేము ఫ్యాను కట్టేసి, బయటికొచ్చి కూర్చున్నాం.

ఈసారి కార్టన్లో క్రీములు పోవు. పాప సిద్ర్ పొడి అడిగింది, కువైట్ జేజీలది ఎట్లుంటుందో చూస్తానని. ఒక ప్యాకెట్ కొన్నాం. ముందు చేతి మీద కొంచెం రాసి చూడమని కాగితం మీద రాసి పెట్టినాం.

మీ ఊర్లో తలంటుకు ఏం వాడేవాళ్ళు? మీ ఇంట్లో అద్దం ముందర తీసిన పూలజడ ఫోటో ఉందా? ఉంటే జాగ్రత్తగా దాచుకోండి.