పొయ్యి ఎత్తు, పీట ఎత్తు

భారతీయ వంటశాలలో ఆసనం ఎత్తును నిర్ణయించినది నిప్పు. పొయ్యి నేలపై ఉన్నంతకాలం వంట చేసే స్త్రీ కూడా నేలకు చేరువగా పీటపై కూర్చొనే పనిచేసింది. తెలుగువారి కత్తిపీట, వంగదేశపు బొంటి కూర్చొని కూరలు తరగడానికి అనువైన సాధనాలు. కేరళీయుల చిరవలో కొబ్బరి కోరే ఇనుప నాలుక, కూర్చునే పలక ఒకే వస్తువులో ఇమిడిపోయాయి. భోజనం సైతం నేలపైనో, పీటలపైనో జరిగేది గనుక వండేవారికీ తినేవారికీ వరుసలో ముందువెనుకలున్నా, ఎత్తులో భేదం లేదు.

ఈ ఏర్పాటును మార్చినవాటిలో ముఖ్యమైనది వంటగ్యాసు. 1965లో ఇండియన్ ఆయిల్ సంస్థ కలకత్తాలో ఇండేన్ సరఫరాను ఆరంభించింది. గాలికన్న బరువైన ఈ వాయువు కారితే నేలపై పరుచుకొంటుంది. సిలిండరు నేలపై నిలువుగా, పొయ్యి దానికన్న ఎత్తున ఉండాలన్నది భద్రతా నియమం. ఆ విధంగా వంటగట్టు అవసరమైంది. పొగ బాధ, వంగి ఊదే శ్రమ తప్పాయి. కాని పొయ్యి పైకి లేచినా, దానితోపాటు పీట లేవలేదు. వంట నిలబడి చేసే పని అయింది. 2016 మే 1న బలియాలో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉజ్జ్వల యోజన వంటగ్యాసును, దానితోపాటు ఈ నియమాన్ని, పేద గృహాలకూ చేర్చింది.

ఎత్తైన పనిబల్లకు తగిన ఆసనాన్ని గురించిన ఆలోచన ఐరోపాలో అంతకు పూర్వమే జరిగింది. 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షూటె-లిహోట్‌స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహనిర్మాణ పథకానికి రూపొందించిన చిన్న వంటగదిలో, ఎత్తు సవరించుకోగల తిరుగుడు స్టూలుకు చోటిచ్చింది. అది అతిథి కోసం కాదు, పనిచేసే గృహిణి కోసం.

నేడు మన నగరాలలోని కొన్ని ఇళ్లలో వంటగది నడుమ కిచెన్ ఐలండ్ అనే దిమ్మె, దాని ఒక వైపున స్టూళ్లు కనిపిస్తున్నాయి. దిమ్మె ఎత్తు 90 సెంటీమీటర్లయితే స్టూలు ఎత్తు 60 నుండి 65 వరకు ఉండాలి. మనిషికి 60 సెంటీమీటర్ల వెడల్పు, మోకాళ్లకు 30 సెంటీమీటర్ల లోతు, వేలాడే కాళ్లకు ఆనుకోలు పట్టీ అవసరం. ఈ కొలతలన్నీ సాధారణంగా తినేవారి వైపునే అమలవుతున్నాయి. వండేవారి వైపు అలమరలు నేలవరకు మూసుకొని ఉండి, మోకాలికి చోటు మిగలదు.

గృహనిర్మాణ ప్రణాళికలు రచించేవారు గట్టు కింద ఆ కొద్దిపాటి చోటు విడిచిపెడితే, పొయ్యి లేచిన నాడు ఇల్లాలు కోల్పోయిన పీట ఆమెకు తిరిగి దక్కుతుంది.