పందిబొమ్మ మనింటికి ఎలా వచ్చింది?

పొదుపు అనగానే బ్యాంకుల వాళ్ళకి రెండు మూడు బొమ్మలే గుర్తొస్తాయి. గులాబీరంగు పందిపిల్ల, చిల్లర కుప్పలోంచి మొలిచిన మొక్క, మెట్లు మెట్లుగా పేర్చిన నాణేలు. ఏ కరపత్రం చూసినా అవే. బ్యాంకు పేరు మీద వేలు పెట్టి మూస్తే అది ఎవరిదో చెప్పలేం. నాకు మొక్క మీద కోపం లేదు గానీ, ఈ పంది ఎక్కడిదా అని ఎప్పటినుంచో అనుమానం.

ఇంగ్లీషువాళ్ళు ఒక కథ చెబుతారు. పూర్వం 'పిగ్' అనే మట్టితో కుండలు చేసి డబ్బులు దాచేవారట, ఆ మాట వల్లే తర్వాత పంది ఆకారం వచ్చిందట. భాషావేత్తలు చాలామంది దీన్ని ఒప్పుకోరు. శబ్దం కలిసింది కదాని అర్థం కూడా కలిపేసే సరదా మనకీ ఉన్నదే! అసలు జావా దీవిలో మజాపహిత్ రాజ్యం నాడే, అంటే సుమారు 600 ఏళ్ళ కిందటే, మట్టి పందుల్లో నాణేలు దాచేవారు. ఇండోనేషియా భాషలో ఇవాళ్టికీ డిబ్బీని 'చెలెంగన్' అంటారు. 'చెలెంగ్' అంటే అడవిపంది.

ఇలాంటి బొమ్మలకి ఊపు ఇచ్చింది మాత్రం యూరప్ పొదుపు బ్యాంకులు. 1924లో ఇటలీలోని మిలాన్‌లో అవన్నీ మహాసభ పెట్టుకుని అక్టోబరు 31ని పొదుపు దినంగా నిర్ణయించాయి. (1984లో అదే తేదీన ఇందిరాగాంధీ హత్య జరిగాక మన దేశంలో 30న జరుపుతున్నారు.) పందితో పాటు తేనెపట్టు, ఉడుత కూడా పొదుపుకి గుర్తులయ్యాయి. ఉడుతనే చూడండి, వాళ్ళకది గింజలు దాచుకునే జీవి. మనకేమో సేతువు కోసం ఇసుక మోసిన జీవి. దాచుకోవడం కాదు, ఇవ్వడం గుర్తొస్తుంది.

మన ఇళ్ళలో పిల్లలకి మట్టి ముంత ఉండేది. పగలగొడితే గాని పైసా రాదు. అమ్మలకి పోపులడబ్బా, బియ్యం డబ్బా అడుగు, చీర మడతలు, కొంగుముడి. వీటిని ఏ బ్యాంకూ బొమ్మగా వేసుకోలేదు. వేసుకోలేదు సరే, వేసుకుంటే మాత్రం ఏం లాభం? ఎవరికంటా పడకుండా ఉండటమే కదా వాటి పని!

చిన్న మొత్తాన్ని చిన్నచూపు చూడని బ్యాంకులు లేకపోలేదు. తర్వాత సిండికేట్ బ్యాంకుగా మారిన ఉడుపి సంస్థ 1928లో పిగ్మీ డిపాజిట్ మొదలుపెట్టింది. ఏజెంటే రోజూ ఇంటికొచ్చి రెండణాలైనా సరే కట్టించుకునేవాడు. ఆ పిగ్మీకీ పిగ్గుకీ చుట్టరికం లేదు, పిగ్మీ అంటే చిన్నదని. గడప దాటి వెళ్ళే వీలులేని ఆడవాళ్ళకి గుమ్మంలోకొచ్చే మనిషి కన్నా మంచి ప్రకటన ఏముంటుంది?

ఇక నెల్లూరు సంగతి చెప్పకుండా ఎలా? 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అప్పుడు నేను బళ్ళో చదువుకుంటున్నాను. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక అదే జిల్లాలో ఆడవాళ్ళు గుంపులుగా కూడి రోజుకో రూపాయి చొప్పున పొదుపు చేశారు. దానికే 'పొదుపు లక్ష్మి' అని పేరు. అక్కడ రూపాయి ఆవిడ పేరునే పుస్తకంలోకి ఎక్కింది, నలుగురి ఎదుటా. పోపులడబ్బా నుంచి ఆ పుస్తకం దాకా ఎంత దూరమో మనకి తెలుసు.

అయినా డబ్బా పోలేదు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నప్పుడు అది బయటపడింది. గృహిణులు రెండున్నర లక్షల దాకా ఖాతాలో వేసుకున్నా ఆరాలు తీయబోమని ప్రభుత్వమే చెప్పాల్సొచ్చింది. మగవాళ్ళు దాని మీద జోకులు వేసుకున్నారు. ఆడవాళ్ళలో కొందరికి మాత్రం ఆ డబ్బు చేతిలో ఉంది కదా అనే ధైర్యంతోనే ఏళ్ళు గడిచాయి. మొగుడి ముందు, అత్తగారి ముందు లెక్క చెప్పి ఖాతాలో వేశాక, అది ఇంటి డబ్బయింది, ఖర్చయింది. మా వీధిలో ఇద్దరు మళ్ళీ డబ్బా మొదలుపెట్టారు, ఈసారి వంద నోట్లతో.