చదరంగాన్ని మూట కట్టినవాళ్లు

లైనక్స్ కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్టాక్‌ఫిష్" అని కొట్టండి. (ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి లెండి, తెలుగు అక్షరాలు అది ఒప్పుకోదు.) ఎక్కువసేపు పట్టదు. ప్రపంచ ఛాంపియన్‌ని కూడా ఓడించగల చదరంగం ప్రోగ్రాము మీ ఇంటికి వచ్చేస్తుంది. డబ్బు అడగదు. పేరు, ఊరు అడగదు. ఈసారి చరిత్ర వ్యాసం ఆ ఒక్క లైను వెనక ఉన్న నలభై ఏళ్ల గురించి.

ఎప్పటిలాగే ముందు మాటలు చూసుకుందాం. ప్యాకేజీ అని అందరూ అంటారు, అదే వాడినా తప్పు లేదు. కానీ నాకు "మూట" అనే మాట ఇష్టం. మా అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చేటప్పుడు కారం వేరుగా, పొడులు వేరుగా, ఊరగాయ వేరుగా కట్టి, ఏది ఎవరి ఇంటికో పైన రాసి, అన్నీ కలిపి ఒక మూట చేసేది. ప్యాకేజీ చేసేవాళ్ల పని కూడా సరిగ్గా అదే. ఇక ప్రోగ్రాములో ఆలోచించే భాగాన్ని "ఇంజన్" అంటాను, మనం చూసే భాగాన్ని "బల్ల" అంటాను. మనిషి రాసిన అసలు కోడుని "మూలం" అంటాను. బిషప్‌ని ఏమనాలో మాత్రం నన్ను అడగకండి. మా ఇంట్లో ఒకరు శకటు అంటారు, ఒకరు ఒంటె అంటారు, ఇద్దరూ తగ్గరు.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పనిని ప్రకటించాడు. ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల, పంచుకోగల పూర్తి కంప్యూటర్ వ్యవస్థ తయారు చేయాలని. పూర్తి వ్యవస్థ అంటే ఆటలు కూడా ఉండాలి కదా! గ్నూ చెస్ అలా వచ్చింది. మొదటిది స్టువర్ట్ క్రాక్రాఫ్ట్ 1984లో మొదలుపెట్టాడు. తరువాత జాన్ స్టాన్‌బ్యాక్ దాన్ని దాదాపు కొత్తగా రాశాడు. అయిదో వెర్షన్ వచ్చేసరికి లోపల ఉన్నది చువా కాంగ్ సియాన్ రాసిన కోబాల్ట్ అనే ఇంజన్. ఆరో వెర్షన్‌లో అదీ పోయి, ఫాబియన్ లెతుజే రాసిన ఫ్రూట్ అనే ఇంజన్ వచ్చింది. ఇంటి ముందు పేరు పలక అదే, లోపల కాపురం ఉన్నవాళ్లు మాత్రం మారుతూ వచ్చారు. వాడేవాళ్లకి ఇది తెలియనే తెలియదు. వాళ్లు కొట్టిన లైను ఎప్పుడూ ఒకటే.

ఇది ఎలా కుదిరింది? ఒక కారణం, ఇంజన్ వేరు, బల్ల వేరు. గ్నూ చెస్ తెర మీద అక్షరాలతో ఆడేది. 1990ల మొదట్లో డాన్ సియర్స్, క్రిస్ సియర్స్ దానికి బొమ్మల బల్ల ఒకటి రాశారు, పేరు ఎక్స్‌బోర్డ్. తరువాత టిమ్ మాన్ దాన్ని చాలా ఏళ్లు చూసుకున్నాడు. ఇంజన్‌కీ బల్లకీ మధ్య నడిచే మాటలకి ఒక పద్ధతి ఏర్పడింది: నేను ఈ ఎత్తు వేశాను, నీ ఎత్తు చెప్పు, ఇంత టైము మిగిలింది. ఆ పద్ధతి కాగితం మీద ఉంది కాబట్టి ఎవరు రాసిన ఇంజన్ అయినా ఆ బల్ల దగ్గర కూర్చోగలదు. 2000లో స్టెఫాన్ మేయర్-కాలెన్, రుడాల్ఫ్ హ్యూబర్ ఇంకో పద్ధతి తెచ్చారు, దాన్ని యూసీఐ అంటారు. ఇప్పుడు రెండు భాషలయ్యాయి. మధ్యలో నిలబడి ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి ఫ్రూట్ రాసిన లెతుజేనే పాలీగ్లాట్ అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. దీనికి మన దగ్గర మంచి మాట ఉంది: దుబాసి. రెండు భాషలు తెలిసినవాడు. పాత మద్రాసులో కంపెనీ దొరలకీ ఊరివాళ్లకీ మధ్య దుబాసీలు ఉండేవారు. పాలీగ్లాట్ చేసేది అచ్చంగా ఆ ఉద్యోగమే.

రెండో కారణం లైసెన్సు. మూలం కనబడటం వేరు, పంచుకునే హక్కు వేరు. ఈ తేడా చదరంగంలో తెలిసినంత బాగా నాకు ఇంకెక్కడా తెలియలేదు.

క్రాఫ్టీ అనే ఇంజన్ ఉంది. రాసింది రాబర్ట్ హయట్ అనే ప్రొఫెసర్. అంతకు ముందు ఆయన జట్టు రాసిన క్రే బ్లిట్జ్ 1983లో, 1986లో కంప్యూటర్ల ప్రపంచ పోటీ గెలిచింది. క్రాఫ్టీ మూలం అందరికీ కనబడేది. ఎంతోమంది దాన్ని చదివే ఇంజన్లు రాయడం నేర్చుకున్నారు. కానీ దాన్ని ఎలా వాడుకోవాలో లైసెన్సులో షరతులు ఉన్నాయి. అందుకే డెబియన్‌లో దాని మూట ముఖ్య విభాగంలో లేదు, "స్వేచ్ఛ లేనివి" అనే వేరే అరలో ఉంది. డెబియన్ అంటే 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన లైనక్స్, ఉబుంటుకి తల్లి లాంటిది. గొప్ప ఇంజన్, గొప్ప మనిషి, అయినా అర వేరు. మొదట చదివినప్పుడు ఇది చాదస్తం అనిపించింది. ఫ్రూట్ కథ చదివాక అలా అనిపించడం లేదు.

ఫ్రూట్ 2.1 మూలాన్ని 2005లో జీపీఎల్ అనే లైసెన్సు కింద విడుదల చేశారు. ఆ లైసెన్సు చెప్పేది సూటిగా ఇది: తీసుకో, మార్చు, పంచు, అమ్ముకో కూడా, కానీ నువ్వు ఇచ్చినవాళ్లకి మూలమూ, ఇవే హక్కులూ ఇవ్వాలి. అదే ఏడాది ప్రపంచ పోటీలో ఫ్రూట్ రెండో స్థానంలో నిలిచింది. తరువాత రచయిత కొత్త వెర్షన్లు మూసేసి అమ్మాడు. అది ఆయన ఇష్టం, ఆయన హక్కు. కానీ 2.1 అప్పటికే బయట ఉంది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. టోగా అనే ఇంజన్ దానిలోంచి పుట్టింది. గ్నూ చెస్ ఆరో ప్రాణం కూడా దానిలోంచే.

స్టాక్‌ఫిష్ కూడా ఇలాగే పుట్టింది. నార్వేలో టార్డ్ రామ్‌స్టాడ్ గ్లౌరంగ్ అనే ఇంజన్ రాసి జీపీఎల్ కింద ఇచ్చాడు. 2008లో ఇటలీలో మార్కో కోస్టాల్బా దాన్ని తీసుకుని బాగుచేయడం మొదలుపెట్టాడు. స్టాక్‌ఫిష్ అంటే ఎండు చేప. నార్వేలో తయారై ఇటలీలో వండినది కాబట్టి ఆ పేరు! 2013లో గ్యారీ లిన్‌స్కాట్ ఫిష్‌టెస్ట్ తయారు చేశాడు. ఎవరైనా ఒక చిన్న మార్పు పంపితే, వాలంటీర్ల కంప్యూటర్లు పాత దానితో కొత్త దాన్ని వేల ఆటలు ఆడించి, మెరుగైందో లేదో చెబుతాయి. ఎవరు పంపారన్నది కాదు, గెలిచిందా లేదా అన్నదే లెక్క.

హక్కు కాగితం మీద ఉంటే చాలదు, ఒక్కోసారి కోర్టుకి కూడా వెళ్లాలి. 2021 జూలైలో స్టాక్‌ఫిష్ జట్టు జర్మనీలోని చెస్‌బేస్ కంపెనీ మీద కేసు వేసింది. ఫ్యాట్ ఫ్రిట్జ్ 2, హుడీని 6 అనే అమ్మకపు ప్రోగ్రాముల్లో తమ కోడు ఉందనీ, లైసెన్సు పాటించలేదనీ వాళ్ల ఆరోపణ. 2022 నవంబరులో రాజీ కుదిరింది. జట్టు డబ్బు కోసం పట్టుబట్టలేదు. లైసెన్సు పాటించాలన్నదే వాళ్ల పట్టు.

ఇప్పుడు అసలు మూట దగ్గరికి వద్దాం. పేర్లు చరిత్రలో నిలిచేది ఇంజన్ రాసినవాళ్లవి. మూట కట్టేవాళ్ల పేర్లు ఒక చిన్న ఫైలులో ఉంటాయి, దాన్ని ఎవరూ తెరవరు. కానీ వాళ్లు తీసుకునే నిర్ణయాలు చూడండి.

ఏది ఎక్కడ పెట్టాలి? డెబియన్‌లో ఆటలకి వేరే ఫోల్డరు ఉంది, స్టాక్‌ఫిష్ అక్కడికే వెళుతుంది. బల్ల ప్రోగ్రాముకి ఆ దారి తెలియకపోతే ఇంజన్ ఉండీ లేనట్టే. చాలా కాలం వాడేవాళ్లే ఆ దారిని చేత్తో రాసుకోవాల్సి వచ్చేది. ఇంజన్ మూట ఒక నిర్ణీత ఫోల్డరులో చిన్న చీటీ పెడితే, ఎక్స్‌బోర్డ్ దాన్ని చదివి ఆ ఇంజన్‌ని తనంతట తానే జాబితాలో చేర్చుకునే ఏర్పాటు తరువాత వచ్చింది. చిన్న పనే, కానీ కొత్తగా వచ్చినవాళ్లు ఇంజన్ దొరక్క విసిగి వెళ్లిపోయేది అక్కడే. గ్నూ చెస్ మొదటి ఎత్తుల పుస్తకాన్ని వేరే మూటగా కట్టారు, అది ఏ కంప్యూటర్‌కైనా ఒకటే కాబట్టి. అమ్మమ్మ ఊరగాయ వేరుగా కట్టినట్టు.

ఎవరి కంప్యూటర్ కోసం కట్టాలి? స్టాక్‌ఫిష్‌ని కొత్త ప్రాసెసర్‌లో ఉన్న ప్రత్యేక ఆదేశాలు వాడుకునేలా కడితే చాలా వేగంగా నడుస్తుంది. కానీ అదే మూట పాత ప్రాసెసర్ మీద అసలు నడవదు, అక్కడికక్కడే ఆగిపోతుంది. డెబియన్ మూట మాత్రం పాత 64 బిట్ కంప్యూటర్ మీద కూడా నడవాలి. అందుకని పంతి భోజనంలో పిల్లలకీ పెద్దలకీ సరిపడేలా కారం తగ్గించినట్టు, అందరికీ సరిపోయేలా కడతారు. వేగం కావాలన్నవాళ్లు మూలం తెచ్చుకుని సొంతంగా కట్టుకోవచ్చు. నాకు ఈ నిర్ణయం నచ్చుతుంది. పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకి వేరే దారి ఉండదు, కొత్తది ఉన్నవాళ్లకి ఉంటుంది.

2020లో స్టాక్‌ఫిష్ 12తో ఇంకో చిక్కు వచ్చింది. ఆ వెర్షన్ నుంచి ఇంజన్ న్యూరల్ నెట్‌వర్క్ వాడుతోంది. జపాన్‌లో షోగి ఆట కోసం యూ నాసు కనిపెట్టిన పద్ధతి అది. పదుల మెగాబైట్ల ఆ ఫైలుని, మనం మూలం నుంచి కట్టుకునేటప్పుడు, ఇంటర్నెట్ నుంచి దించుకుంటుంది. కానీ డెబియన్‌లో మూట కట్టేటప్పుడు ఇంటర్నెట్‌ని తాకకూడదని నియమం. కావలసినదంతా ముందే చేతిలో ఉండాలి. లేకపోతే రేపు ఆ సర్వర్ పోయిన రోజున మూట మళ్లీ కట్టలేం.

తెలుగు మాటేమిటి అని అడుగుతారు కదా. నోమ్ డెస్క్‌టాప్‌కి తెలుగు అనువాదం ఉంది. స్వేచ్ఛ సంస్థవాళ్లు డెబియన్ ఆధారంగా తెలుగు లైనక్స్ కూడా చేశారు. అనువాదం ఒక మామూలు ఫైలు. ఒక పక్క ఇంగ్లీషు వాక్యం, కింద తెలుగు వాక్యం. మనలాంటివాళ్లకి తెలుగు చదవడం నేర్చుకోవడానికి అలాంటి ఫైలు పాఠ్యపుస్తకం కంటే బాగుంటుందని నా అభిప్రాయం. శకటా, ఒంటెనా అనేది అక్కడ ఎవరో ఒకరు తేల్చాల్సిందే.

చివరగా రెండు మాటలు నేర్చుకుందాం. చూసుకునే మనిషి వెళ్లిపోతే ఆ మూటని డెబియన్‌లో "అనాథ" అని ప్రకటిస్తారు. దాన్ని తీసుకోవడాన్ని "దత్తత" అంటారు. ఇవి నేను పెట్టిన మాటలు కావు, వాళ్లు ఇంగ్లీషులో అనేవి అవే. అనాథ మూటల జాబితా అందరికీ కనబడుతుంది. ఎవరూ తీసుకోకపోతే, కొత్త కంపైలర్‌తో కట్టబోయినప్పుడు విరిగితే, దాన్ని తరువాతి విడుదల నుంచి తీసేయొచ్చు. దత్తత తీసుకోవడానికి డెబియన్ సభ్యులై ఉండాలని లేదు. మీరు మూట సరిచేసి ఒక సభ్యుడికి పంపితే, ఆయన విప్పి చూసి, తప్పులుంటే చెప్పి, బాగుంటే మీ పేరుతోనే పైకి ఎక్కిస్తారు.